కిట్‌లో గీత రాకపోతే నేరం రుజువైనట్టేనా? డ్రగ్ టెస్ట్‌ను ల్యాబ్ ఎట్లా నిర్ధారిస్తుంది

మడికొండ నుంచి మాట్లాడుతున్నాను.

పోయిన ఎపిసోడ్‌లో గంజాయి ఒంట్లో ఎన్ని రోజులు ఉంటుందో చెప్పుకున్నాం కదా. ఆ తర్వాత నాకు వచ్చిన ప్రశ్నల్లో సగం ఒక్కటే. "సార్, కిట్‌లో పాజిటివ్ వస్తే ఇగ అయిపోయినట్టేనా?" కొందరు ఇంజనీరింగ్ చదివే పిల్లల తల్లిదండ్రులు. ఒకాయన కంపెనీలో చేరే ముందు మెడికల్ టెస్ట్‌కు పోతున్నాడు. ఇంకో తమ్ముడు లారీ నడుపుతాడు. ముగ్గురి భయమూ ఒకటే కాబట్టి ఇవ్వాళ మొత్తం దాని మీదే మాట్లాడుకుందాం.

ముందు ఒక మాట. డ్రగ్ టెస్ట్ అంటే మన దగ్గర మందుల నాణ్యత పరీక్ష అనే అర్థం కూడా ఉంది. ఇవ్వాళ చెప్పేది అది కాదు. మనిషి మూత్రంలోనో, రక్తంలోనో మత్తు పదార్థం ఉందా అని చూసే పరీక్ష గురించి.

మన మడికొండకు దీనితో పనేంటి అంటారా? మన ఊరు హైదరాబాద్ హైవే మీద ఉంది. పక్కనే కాజీపేట జంక్షన్. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో పండే గంజాయి మహారాష్ట్ర వైపు, ఢిల్లీ వైపు పోవాలంటే రైల్లో అయినా, కార్లో అయినా చాలాసార్లు మన పక్క నుంచే పోతుంది. కాజీపేట స్టేషన్‌లో గంజాయి బ్యాగులు దొరికాయని పేపర్లో చదవడం మనకు కొత్త కాదు. 2023లో రాష్ట్రంలో నార్కోటిక్స్ బ్యూరో పెట్టిన తర్వాత పోలీసుల చేతికి మూత్రం కిట్లు కూడా వచ్చాయి. ఇంకో వైపు మన ఊళ్లోనే ఐటీ సెజ్ ఉంది. విదేశీ క్లయింట్ పని చేసే కొన్ని కంపెనీలు చేరేముందు డ్రగ్ టెస్ట్ అడుగుతాయి. కాబట్టి ఈ కిట్ ఎప్పుడో ఒకప్పుడు మన ఇంటి పిల్లల ముందుకు రావచ్చు.

సరే, కిట్ దగ్గరికి వద్దాం. చూడ్డానికి గర్భ పరీక్ష కిట్ లాగే ఉంటుంది. మూత్రంలో ముంచుతారు, ఐదు నిమిషాల్లో గీతలు వస్తాయి. ఇక్కడే మొదటి తిరకాసు. గర్భ పరీక్షలో గీత వస్తే పాజిటివ్. దీంట్లో గీత వస్తే నెగెటివ్! అర్థమైందా? మందు లేకపోతేనే గీత కనబడుతుంది. మందు ఉంటే గీత రాదు.

ఎందుకంటే, పట్టీ లోపల రంగు అంటించిన యాంటీబాడీలు ఉంటాయి. పట్టీ మీద గీత పడాల్సిన చోట కొంచెం మందు ముందే అతికించి పెడతారు. మూత్రంలో మందు లేకపోతే యాంటీబాడీలు ఖాళీ చేతులతో పోయి ఆ చోట అతుక్కుంటాయి, రంగు గీత పడుతుంది. మూత్రంలో మందు ఉంటే దారిలోనే దాన్ని పట్టేసుకుంటాయి, గీత దగ్గర ఆగడానికి చేతులు ఖాళీ ఉండవు. పలచగా, కనిపించీ కనిపించనట్టు గీత వచ్చినా అది నెగెటివే. పలచగా ఉంది కాబట్టి కొంచెం తాగి ఉంటాడు అని చదవడం తప్పు. ఇంకోటి, పైన 'సి' అని రాసి ఉన్న కంట్రోల్ గీత రాకపోతే ఆ కిట్ పనిచేయలేదని అర్థం, దాని మీద పాజిటివూ లేదు, నెగెటివూ లేదు.

ఎంత మందు ఉంటే గీత మాయమవుతుంది? గంజాయికి సాధారణంగా పెట్టే హద్దు మిల్లీలీటరుకు 50 నానోగ్రాములు. నానోగ్రామ్ అంటే మనకు ఊహకు అందదు. ఇట్లా అనుకోండి. ఎండాకాలం మన వాడకు 5000 లీటర్ల నీళ్ల ట్యాంకర్ వస్తుంది కదా, దాంట్లో పావు గ్రాము కలిపితే ఎంతో అంత. అంత తక్కువను ఐదు నిమిషాల్లో పట్టుకుంటుంది కాబట్టి కిట్‌ను తీసిపారేయనక్కర్లేదు. మంచి సాధనమే. దాని పని ఏంటో మనకు తెలిసి ఉండాలి, అంతే.

యాంటీబాడీ మనిషిని నడక చూసి గుర్తుపట్టే కాపలాదారు లాంటిది. నడక అట్లాగే ఉంటే ఇంకొకర్ని కూడా ఆపుతుంది. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్‌ను కొన్ని కిట్లు యాంఫెటమిన్ అనుకుంటాయి. కడుపు మంటకు వాడిన రానిటిడిన్‌తో కూడా అట్లా జరిగినట్టు వైద్య పత్రికల్లో ఉంది. పొడి దగ్గుకు వాడే డెక్స్‌ట్రోమెథార్ఫాన్ పీసీపీ అనే మత్తుమందులాగ కనబడవచ్చు. హెచ్‌ఐవీకి వాడే ఎఫావిరెంజ్, కొన్ని కిట్లలో గంజాయి పాజిటివ్ చూపిస్తుంది. మన దగ్గర గ్యాస్ అంటే చాలు పొద్దున్నే పరగడుపున వేసుకునే పాంటోప్రజోల్ ఉంది చూడండి, దాని వల్ల కూడా గంజాయి పరీక్ష తప్పుగా పాజిటివ్ వచ్చిన సందర్భాలు ఉన్నాయని అమెరికాలో ఆ మందు కాగితం మీదే రాసి ఉంటుంది. అరుదుగానే. కానీ ఆ అరుదైన ఒక్కడు మన పిల్లగాడైతే?

ఇప్పుడు మన తెలంగాణకే ప్రత్యేకమైన సంగతి ఒకటి. కల్తీ కల్లు.

కిట్‌లో 'బీజెడ్‌ఓ' అని ఒక గీత ఉంటుంది. బెంజోడయజెపైన్‌లు అని, నిద్రమాత్రల కుటుంబం. డయాజెపామ్, ఆల్ప్రజోలామ్ ఇవన్నీ ఆ కుటుంబమే. మన దగ్గర కల్తీ కల్లులో కలిపేవి కూడా ఇవే. 2015లో కల్తీ మీద దాడులు పెరిగి ఆ కల్లు దొరక్కపోయేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జనం వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్ వచ్చి ఆస్పత్రుల పాలయ్యారు. అది ఆల్ప్రజోలామ్ లాంటివి ఒక్కసారిగా ఆగిపోతే వచ్చే లక్షణం. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి జనం చనిపోయారు, అప్పుడూ ఆల్ప్రజోలామ్ పేరే బయటపడింది.

ఇప్పుడు ఒక కూలీ మనిషి సాయంత్రం రెండు సీసాల కల్లు తాగాడు. దాంట్లో ఏం కలిపారో అతనికి తెలియదు. తెల్లారి కిట్ పెడితే బీజెడ్‌ఓ గీత మాయం. పక్కింట్లో పెద్దమ్మకు డాక్టర్ చీటీ రాసి ఆల్ప్రజోలామ్ ఇచ్చాడు. ఆమెకూ గీత మాయం. మూడో మనిషి మత్తు కోసం మాత్రలు కొని మింగాడు. అతనికీ మాయం. కిట్‌కు ముగ్గురూ ఒకటే. ఏ మందో కూడా అది చెప్పదు, కుటుంబం పేరు మాత్రం చెబుతుంది. పైగా ఆ కుటుంబంలోనే లోరాజెపామ్, క్లోనాజెపామ్ లాంటివాటిని కొన్ని కిట్లు సరిగా పట్టుకోలేవు కూడా. అంటే తప్పు రెండు వైపులా జరగొచ్చు.

అందుకే ల్యాబ్. అమెరికా ప్రభుత్వం 1988లో తన ఉద్యోగుల పరీక్షలకు నియమాలు రాసినప్పుడు ఒక మాట తప్పనిసరి చేసింది. మొదటి పరీక్షలో పాజిటివ్ వస్తే, పూర్తిగా వేరే సూత్రం మీద పనిచేసే రెండో పరీక్షలో రుజువు కాకుండా దాన్ని పాజిటివ్ అనకూడదు. 'వేరే సూత్రం' అన్నది ముఖ్యం. అదే కిట్ మళ్లీ పెట్టి మళ్లీ పాజిటివ్ వచ్చిందంటే లాభం లేదు. నడక చూసి పొరబడ్డ కాపలాదారు రెండోసారీ అట్లాగే పొరబడతాడు. ఈసారి వేలిముద్ర తీసుకోవాలి.

ఆ వేలిముద్ర తీసే యంత్రం పేరు జీసీ-ఎంఎస్. గ్యాస్ క్రోమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ. ఫార్మా కంపెనీ క్వాలిటీ ల్యాబ్‌లో నేను కొన్నేళ్లు ఈ యంత్రాల మీదే పనిచేశాను కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను, ఓపిక పట్టండి.

గంజాయి సంగతే తీసుకుందాం. ల్యాబ్ మూత్రంలో వెతికేది గంజాయిని కాదు. గంజాయిలో మత్తిచ్చే టీహెచ్‌సీని మన లివర్ విరిచి, మార్చి, టీహెచ్‌సీ-ఆసిడ్ అనే ఇంకో పదార్థం చేస్తుంది. వెతికేది దాన్ని. ఇది మంచి ఉపాయం. ఎవరో కావాలని సీసాలో గంజాయి పొడి వేసినా ఆ ఆసిడ్ తయారు కాదు. అది లివర్ దాటి వచ్చిందనడానికే గుర్తు. కల్లు విషయంలో కూడా అంతే, ఆల్ప్రజోలామ్‌తో పాటు శరీరం దాన్ని మార్చి చేసిన ఆల్ఫా-హైడ్రాక్సీ ఆల్ప్రజోలామ్‌ను చూస్తారు.

శరీరం ఈ ఆసిడ్‌కు ఒక చక్కెర తోకలాంటిది తగిలించి బయటికి పంపుతుంది. ల్యాబ్‌లో క్షారం వేసి వేడిచేసి ముందు ఆ తోకను తెంపుతారు. తర్వాత మూత్రంలోంచి దాన్ని వేరుచేసి, ఆవిరి కావడానికి వీలుగా ఇంకో రసాయనంతో చర్య జరుపుతారు. ఇదంతా చేసేటప్పుడు కొంత పదార్థం పోతుంది. పోసిన ప్రతిసారీ, వడకట్టిన ప్రతిసారీ కొంచెం పోతుంది. ఎంత పోయిందో ఎట్లా తెలుస్తుంది?

దీనికి చేసే పని నాకు చాలా ఇష్టం. మొదట్లోనే అదే ఆసిడ్‌ను, కానీ మామూలు హైడ్రోజన్‌కు బదులు బరువైన హైడ్రోజన్ పెట్టి తయారుచేసిన దాన్ని, లెక్కగా కలుపుతారు. మన గొల్ల కురుమలు మందలో తమ గొర్రెలకు రంగు వేస్తారు కదా, అట్లాంటిది అనుకోండి. రంగు వేసిన వంద గొర్రెల్ని పెద్ద మందలో తోలాం. దారిలో కొన్ని తప్పిపోయాయి. సాయంత్రానికి రంగు గొర్రెలు అరవై చేరాయంటే, రంగు లేనివి కూడా వందకు అరవై చొప్పునే చేరాయని లెక్క. చేరినవాటిని బట్టి బయల్దేరినవి ఎన్నో చెప్పొచ్చు. ఆ బరువైన ఆసిడ్ నడతలో అసలుదానిలాగే ఉంటుంది, బరువులో మాత్రమే తేడా. బరువు చూసే యంత్రానికి ఆ తేడా చాలు.

ఇప్పుడు దీన్ని యంత్రంలోకి ఎక్కిస్తారు. లోపల దాదాపు 30 మీటర్ల పొడవు, వెంట్రుకంత సన్నటి గొట్టం చుట్ట చుట్టి ఉంటుంది. శివరాత్రికి మన మెట్టుగుట్ట జాతరకు పోయారా? అందరూ ఒకేసారి కింద బయల్దేరుతారు. దారికి రెండు పక్కలా దుకాణాలు. గాజులు చూసేవాళ్లు అక్కడ ఆగుతారు, మిఠాయి కొనేవాళ్లు ఇక్కడ ఆగుతారు, ఏదీ పట్టనివాళ్లు నేరుగా పైకి పోతారు. పైకి చేరే టైము ఎవరిది వాళ్లదే. గొట్టంలో కూడా ఒక్కో పదార్థం లోపలి పూతకు ఒక్కో తీరుగా అతుక్కుంటూ ఒక్కో నిమిషానికి బయటికి వస్తుంది. సూడోఎఫెడ్రిన్, మెథాంఫెటమిన్ ఇద్దరూ ఇక్కడే విడిపోతారు.

కానీ ఇద్దరు మనుషులు ఒకే నిమిషానికి గుట్ట ఎక్కొచ్చు. టైమొక్కటే సాక్ష్యం కాదు. అందుకే బయటికి వచ్చిన అణువును ఎలక్ట్రాన్లతో కొట్టి ముక్కలు చేస్తారు. కుండ పగిలితే ఒక్కోసారి ఒక్కో తీరుగా పగులుతుంది. అణువు అట్లా కాదు. ఒకే శక్తితో కొడితే బలహీనంగా ఉన్న బంధాల దగ్గరే, ప్రతిసారీ దాదాపు అదే పాళ్లలో విరుగుతుంది. గంజాయి ఆసిడ్‌ను సాధారణ పద్ధతిలో తయారుచేసి కొడితే 371, 473, 488 బరువుల ముక్కలు చూస్తారు. మూడూ ఉండాలి. ఉండడమే కాదు, వాటి మధ్య నిష్పత్తి కూడా అసలు నమూనాతో సరిపోవాలి, మామూలుగా 20 శాతం అటూ ఇటూ. టైము సరిపోయి, ముక్కలు సరిపోయి, నిష్పత్తి సరిపోయి, మొత్తం హద్దు దాటితేనే పాజిటివ్. ఇక్కడ హద్దు మిల్లీలీటరుకు 15 నానోగ్రాములు. కిట్ 50 దగ్గర, ల్యాబ్ 15 దగ్గర. ఎందుకు తగ్గించారు అంటే, కిట్ గంజాయి జాతికి చెందిన నాలుగైదు పదార్థాలను కలిపి లెక్కేస్తుంది, ల్యాబ్ ఒక్క ఆసిడ్‌నే లెక్కేస్తుంది.

నిద్రమాత్రలకు ఇప్పుడు ఎక్కువగా ఎల్‌సీ-ఎంఎస్ వాడుతున్నారు. ఆవిరి చేయనక్కర్లేదు, ద్రవంగానే పోతుంది. ఆల్ప్రజోలామ్ అయితే 309 బరువు అయాన్‌ను పట్టుకుని మళ్లీ విరిస్తే 281, 205 వస్తాయి. డయాజెపామ్ అయితే మొదలే 285. ఇక పొరబాటుకు చోటు చాలా తక్కువ.

గసగసాల గురించి అడిగిన చెల్లెమ్మకు ఇప్పుడు జవాబు. అవునమ్మా, గసగసాలు తింటే మూత్రంలో మార్ఫిన్ రావొచ్చు. అది తప్పుడు పాజిటివ్ కాదు, నిజంగానే మార్ఫిన్. నల్లమందు మొక్క గింజలే గసగసాలు. గింజ లోపల మార్ఫిన్ దాదాపు ఉండదు, పైన అంటుకున్న పాలది. మనం కడిగి, వేయించి నూరుతాం కాబట్టి చాలా తగ్గుతుంది. అయినా మటన్ కూరలో దిట్టంగా వేస్తే చిన్న హద్దు పెట్టిన కిట్ దాన్ని పట్టుకోవచ్చు. అమెరికాలో ఈ గొడవ వల్లే 1998లో హద్దును 300 నుంచి 2000 నానోగ్రాములకు పెంచారు. 2023లో అక్కడి సైన్యం తన మనుషుల్ని అసలు గసగసాలే తినొద్దని హెచ్చరించింది. ల్యాబ్ ఇంకో పని చేయగలదు. హెరాయిన్ తీసుకుంటే 6-ఎసిటైల్ మార్ఫిన్ అనేది కనిపిస్తుంది, గసగసాల వల్ల అది ఎప్పుడూ రాదు. గసగసాల్లో ఉండే థెబైన్ హెరాయిన్‌లో ఉండదు. రెండూ చూస్తే కూర ఏదో, హెరాయిన్ ఏదో తేలుతుంది. సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నా, దుబాయ్ పోయేవాళ్లు బ్యాగులో గసగసాల పొట్లం పెట్టుకోకండి. అక్కడ అవి నిషిద్ధం, జైలు దాకా పోతుంది.

యంత్రం ఇంత గట్టిది కదా, ఇక భయమేంటి అంటారా? యంత్రం అబద్ధం చెప్పదు. కానీ యంత్రం దాకా సీసా చేరాలి కదా. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్ర ల్యాబ్‌లో అనీ డూకన్ అనే కెమిస్ట్ ఉండేది. పట్టుబడిన మత్తు పదార్థాలను పరీక్షించే పని. తోటివాళ్లకంటే ఎన్నో రెట్లు వేగంగా పనిచేస్తుందని పేరు. తర్వాత తేలిందేంటంటే, చాలా నమూనాలను ఆమె అసలు పరీక్షించకుండానే, కంటితో చూసి పాజిటివ్ రాసేసింది. 2012లో అరెస్టయింది, 2013లో నేరం ఒప్పుకుని జైలుకు పోయింది. 2017లో 21 వేలకు పైగా కేసులను కోర్టు కొట్టేసింది. దాంట్లో నిజమైన నేరస్థులూ ఉంటారు, ఏ పాపం తెలియనివాళ్లూ ఉంటారు. ఎవరు ఎవరో ఇక ఎప్పటికీ తేలదు. ఆ ల్యాబ్‌లో యంత్రాలు బాగానే ఉన్నాయి!

అందుకే మంచి ల్యాబ్‌లో ప్రతి బ్యాచ్‌తో మందు లేని ఖాళీ నమూనా ఒకటి, తెలిసిన మోతాదు ఉన్నవి కొన్ని కలిపి నడుపుతారు. ఖాళీలో ఏమైనా కనిపిస్తే బ్యాచ్ మొత్తం పక్కన పెట్టాలి. సీసా సీలు, దాని నంబరు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఏ టైముకు పోయింది, అన్నీ కాగితం మీద ఉండాలి. కోర్టులో వాదన సగం ఈ కాగితం మీదే నడుస్తుంది. మన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 329 సెక్షన్ ప్రకారం ప్రభుత్వ శాస్త్ర నిపుణుడి రిపోర్టును సాక్ష్యంగా చదవొచ్చు, అవసరమైతే ఆ నిపుణుణ్ణి పిలిచి ప్రశ్నించొచ్చు. కిట్ ఫోటోకు ఆ హోదా లేదు.

హైదరాబాద్‌లో 2017లో సినిమా వాళ్ల డ్రగ్స్ కేసు మీకు గుర్తుండే ఉంటుంది. నెలల తరబడి టీవీల్లో అదే. కొందరి రక్తం, గోళ్లు, వెంట్రుకలు తీసుకున్నారు. ఒక నటి హైకోర్టుకు పోతే, ఇష్టం లేకుండా నమూనాలు తీసుకోవద్దని కోర్టు చెప్పింది. నమూనాలు ఇచ్చినవారిలో ఇద్దరివాటిలో మత్తు పదార్థాలేమీ లేవని ఫోరెన్సిక్ ల్యాబ్ చెప్పిన సంగతి బయటికొచ్చేసరికి 2021 అయింది. అప్పటికి టీవీల వాళ్ల తీర్పు పాతబడిపోయింది కూడా. నా ఉద్దేశంలో ల్యాబ్ ఆలస్యం కూడా ఒక రకం శిక్షే. సినిమా వాళ్లు తట్టుకున్నారు. డిగ్రీ ఫైనలియర్ పిల్లగాడు నాలుగేళ్లు తట్టుకోగలడా?

ల్యాబ్ చెప్పలేనివి కూడా కొన్ని ఉన్నాయి, అవీ తెలియాలి. మూత్రంలో గంజాయి ఆసిడ్ ఉంది అంటే ఆ మనిషి ఇప్పుడు మత్తులో ఉన్నాడని కాదు. రోజూ తాగేవాడికి మానేసిన నెల తర్వాత కూడా కనిపించొచ్చు, కొవ్వులో దాక్కుంటుంది కాబట్టి. ఇంకో చిక్కు, మన ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు. కొనలు లేకుండా ఉత్త ఆకులు ఆ నిర్వచనంలోకి రావు. కాశీకి పోయి భంగు తాగి వచ్చినవాడి మూత్రంలోనూ అదే ఆసిడ్. ఆకు తిన్నాడా, కొన తాగాడా, జీసీ-ఎంఎస్ చెప్పదు.

ఇక చేయాల్సిన పని. టెస్ట్ ఇచ్చే ముందు గత పది, పదిహేను రోజుల్లో వేసుకున్న ప్రతి మాత్ర పేరు ఫారం మీద రాయండి. గ్యాస్ మాత్ర, జలుబు మాత్ర, దగ్గు సిరప్, అన్నీ. మందుల చీటీ పారేయకండి, లేకపోతే ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. సీసా మీ కళ్లముందే సీల్ అయ్యేదాకా అక్కడే ఉండండి. కంపెనీ అయినా, కాలేజీ అయినా కిట్ పాజిటివ్ అన్నారంటే, గొడవ పడకుండా ఒకటే అడగండి. "జీసీ-ఎంఎస్ గానీ ఎల్‌సీ-ఎంఎస్ గానీ చేయించారా? రిపోర్ట్‌లో పదార్థం పేరు, మోతాదు, హద్దు ఎంతో చూపించండి." అదే నమూనా మిగిలి ఉండగానే, రాతపూర్వకంగా అడగండి. అమెరికాలో డ్రైవర్ల పరీక్షల్లో ఒకే నమూనాను రెండు సీసాల్లో పోస్తారు. మొదటిది పాజిటివ్ అని తెలిపిన తర్వాత 72 గంటల్లోపు అడిగితే రెండో సీసాను ఇంకో ల్యాబ్‌కు పంపిస్తారు. అంతకంటే ముందు ఒక డాక్టర్ ఫోన్ చేసి మీరు ఏ మందులు వాడుతున్నారని అడుగుతాడు. అక్కడ లారీ నడిపే మన తెలుగువాళ్లు ఈ 72 గంటల మాట గుర్తుపెట్టుకోండి.

నిజంగానే అలవాటు ఉన్నవాళ్లకు ఒక మాట. ఎన్‌డీపీఎస్ చట్టం 64ఎ సెక్షన్ కింద, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న డీఅడిక్షన్ కేంద్రంలో చికిత్సకు చేరిన వ్యసనపరుడికి వాడకం కేసులోనూ, చిన్న మోతాదు కేసులోనూ విచారణ నుంచి రక్షణ ఉంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు.

వచ్చే ఎపిసోడ్‌లో వెంట్రుక పరీక్ష గురించి మాట్లాడుకుందాం. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటర్ పెరుగుతుంది. గుండు కొట్టించుకుంటే తప్పించుకోవచ్చా అని ఒక తమ్ముడు అడిగాడు, జవాబు అప్పుడు చెప్తాను.